ముగ్గురిలో ఇద్దరు

పోయిన ఆదివారం కొత్తపేటలో మా పెద్దమ్మగారింట్లో చేపల వాసన వచ్చింది. తరతరాలుగా వేదం చదువుకున్న ఇల్లు అది. ఉల్లిపాయకు కూడా అక్కడ కొన్ని తిథుల్లో ప్రవేశం లేదు. అలాంటి చోట, పెదనాన్నగారు విస్తరి ముందు కూర్చుని నీళ్లు చేతిలో పోసుకుంటున్న సమయంలో, ఎండుచేపను పెనం మీద మాడ్చినట్టు గుప్పుమంది. పెద్దమ్మ వెళ్లి కిటికీలు మూసింది. వాసన పెరిగింది. పెదనాన్నగారు పై వాటాలో అద్దెకున్న కుర్రవాడి మీద నేరం మోపారు. ఆ కుర్రవాడు ఊళ్లోనే లేడని తెలిశాక, లేనివాడు వండటం మరీ అన్యాయం అన్నట్టు చూశారు. నేను లేచి తలుపు వెనకాల స్విచ్‌బోర్డు మీద చెయ్యి పెట్టాను. పెనంలాగే కాలుతోంది. మెయిన్ ఆపేసి మూత విప్పితే, లోపల తీగ మీది ప్లాస్టిక్ కరిగి బోర్డుకు అతుక్కుని ఉంది. కాసేపటికి వాసన తగ్గింది. పై వాటా కుర్రవాడి మీద అనుమానం మాత్రం పూర్తిగా తగ్గలేదు.

కరెంటు సామాను లోలోపల కాలితే చేపల వాసన వస్తుందని నాకు చెప్పింది నూకరత్నం గారు. ఆవిడ అంతర్వేది దగ్గర పడవలవాళ్ల ఇంటి ఆడపడుచు. "చేపల్లో పుట్టి పెరిగినదాన్ని చెబుతున్నాను ఫణీ, ఇది చేప కాదు. చేప వాసనొస్తే ఆకలెయ్యాలి. దీనికి గుండె జారాలి" అనేవారు. కిందటి ఆదివారం నాకు గుండె సరిగ్గానే జారింది. ఆ జారడంలోంచే ఇదంతా గుర్తుకొచ్చింది.

జ్ఞాపకాలు అనగానే మనిషి పోయారనుకోవడం మనకు అలవాటు. కళ్లు తుడుచుకోవడానికి సిద్ధమైనవారెవరైనా ఉంటే రుమాలు లోపల పెట్టుకోవచ్చు. నూకరత్నం గారు నిక్షేపంగా ఉన్నారు. కాకినాడలో పాలిటెక్నిక్ పిల్లలకు పాఠాలు చెబుతున్నారు. జాలిపడాలనుంటే ఆ పిల్లల మీద పడండి.

నేను ఆవిడ దగ్గర చేరేనాటికి డిగ్రీ పూర్తిచేసి, చుట్టాల పెళ్లిళ్లలో జనాన్ని నవ్వించడమే వృత్తిగా బతుకుతున్నాను. అమలాపురంలో ఒక బట్టల కొట్టు పైన రెండు గదుల్లో ఆవిడ ఆఫీసు. ఆసుపత్రులకూ కాలేజీలకూ కంప్యూటర్లు అమర్చడం, అవి చెడిపోతే బాగుచెయ్యడం పని. ఉద్యోగానికని వెళితే, మెట్ల కింద ఉన్న పెద్ద బ్యాటరీ చూపించి పైకి తెమ్మన్నారు. తెచ్చాను. ఇంకొకటి ఉందన్నారు. అదీ తెచ్చాను. రొప్పుతూనే, ప్రశ్నలు ఎప్పుడడుగుతారండీ అన్నాను. "అయిపోయేయిగా" అన్నారు. పొట్టి మనిషి. కొంగు నడుముకు దోపుకుని, జుట్టు ముడిలో టెస్టరు గుచ్చుకుని ఉండేవారు. నా జోకులకు ఒక్కసారీ నవ్వలేదు. "జోకు అయిపోయిందా?" అని మర్యాదగా అడిగి, అయిందంటే పని చెప్పేవారు. హాస్యరసానికి అంతకంటే పెద్ద శిక్ష లేదు.

ఆవిడకు ఒక పట్టింపు ఉండేది. మా వైపు ఎవరికి ఏం చెప్పినా "ఆయ్" అంటారు. విన్నామనీ, గౌరవిస్తున్నామనీ, ఇక మీరు వెళ్లవచ్చనీ అన్నీ అందులోనే ఉంటాయి. పని అయిందన్న సంగతి మాత్రం ఉండదు. అందుకని ఆఫీసు ఫోనులో ఆవిడ ఆయ్ చెల్లదన్నారు. ఏం చేశామో మన నోటితో మనం తిరిగి చెప్పాలి. "ప్లగ్గు తీశాను మేడం" అంటే సరే. "ఆయ్ మేడం" అంటే మళ్లీ మొదటినుంచీ చెప్పేవారు. మా ఇంట్లో ఇలా మాట్లాడితే పొగరనుకునేవారు. ఆవిడ దగ్గర అదే వినయం.

ఇక అసలు పని. అమలాపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి, దానికి రాజోలులో ఒక శాఖ. రోగి ఎక్కడ చేరినా, ఏ మందు ఇచ్చినా, ఆ సంగతి రెండు చోట్లా డాక్టరుకు వెంటనే కనబడాలి. అందుకోసం ఆ వివరాలన్నీ దాచే మిషన్లు మూడు కొనిపించారావిడ. మూడింటిలోనూ ఒకటే సమాచారం. ఆసుపత్రి మేనేజరు రామ్మోహనరావు గారు మంచివారే. ప్రతి వస్తువునూ తన కళ్లెదుట పెట్టుకుంటే తప్ప నిద్రపట్టని మంచితనం. మూడు మిషన్లనూ తన గది పక్కనే ఏసీలో పెట్టమన్నారు. నూకరత్నం గారు ఒకటి ఇక్కడ, ఒకటి రాజోలులో, ఒకటి ఇంకెక్కడైనా అన్నారు. మాటామాటా పెరిగి, రెండు సరిపోతాయని మీరే అంటున్నారు, మరి మూడెందుకని ఆయన నిలదీశారు.

"ఆయ్, రెండు చాలండి. ఏ రెండు మిగులుతాయో మీరు ఇప్పుడే చెబితే ఆ రెండే కొందాం" అన్నారావిడ.

పద్ధతి చాలా సులువు. ముగ్గురు గుమాస్తాలున్నారనుకోండి. ఏ సంగతైనా వాళ్లలో కనీసం ఇద్దరు రాసుకున్నామంటేనే అది రాసినట్టు. చదివేటప్పుడూ అంతే, ఇద్దరిని అడిగి, కొత్తది ఏదైతే అదే నమ్మాలి. ముగ్గురిలో ఏ ఇద్దరిని పట్టుకున్నా, చివరి సంగతి వాళ్లలో ఒక్కరికైనా తెలిసి తీరుతుంది. కాబట్టి ఒకరు మంచాన పడినా కచేరీ మూతపడదు. కానీ ఎవరైనా ఒంటరిగా మిగిలిపోతే, ఎంత ఆరోగ్యంగా ఉన్నా, నోరు మూసుకుని కూర్చోవాలి. ఈ చివరి మాట రామ్మోహనరావు గారికి ఎప్పటికీ మింగుడుపడలేదు. పనిచేసే మిషను పనిచెయ్యనని భీష్మించుకోవడం ఏమిటని, పెళ్లికొడుకు అలిగినంత బాధపడ్డారు.

మూడో మిషను అంబాజీపేట చేరింది. అక్కడ ఆసుపత్రివాళ్ల రక్తపరీక్షల గది ఒక కొబ్బరి గోదాం పైన ఉంది. గోదాం సుబ్బారాయుడు గారిది. ఇద్దరి మాట నెగ్గే ఆ లెక్కలో తన మేడమీద ఉన్న డబ్బాకూ వోటు ఉందని తెలిసినప్పటినుంచీ ఆయన నడక మారిపోయింది. బజారంతా చెప్పుకున్నారు. మన డబ్బా ఎవరికేసిందని నెలకోసారి నన్ను రహస్యంగా అడిగేవారు. రహస్య వోటింగు అండీ, చెప్పకూడదు అనేవాణ్ణి. ఆయన ఎంతో గౌరవంగా తలూపేవారు.

ఆ గదిలోనే, కింద నుంచి ఎండు కొబ్బరి కురిడీల వాసన ఘాటుగా పైకొస్తుండగా, ఒక మధ్యాహ్నం నేను కూడా రామ్మోహనరావు గారి పక్షం వహించాను. ఒంటరి మిషను ఊరికే నోరు మూసుకోవడం కంటే, తనకు తెలిసిందేదో చెబితే పోయేదేముందండీ అని. ఆవిడ తీగ చుట్టుకుంటూ, వాళ్ల నాన్నగారి సంగతి చెప్పారు. నాన్నగారిది, చిన్నాన్నగారిది, మేనమామది మూడు పడవలు. వేట నుంచి తిరిగొచ్చేటప్పుడు గోదావరి సముద్రంలో కలిసే మొగ దాటాలి. అక్కడ ఇసుక తిప్పలు ఇవాళ ఉన్నచోట రేపు ఉండవు. అందుకని వాళ్లకో కట్టుబాటు. రెండు పడవలు ఒకదానికొకటి కనబడుతూ, లోతు చూసుకుని, ఇదే దారి అని రెండూ అనుకుంటేనే లోపలికి రావాలి. మూడోది వెనకబడ్డా వెతుక్కోరు. మిగతా రెండిట్లో ఒక్కటీ కనబడని పడవ మాత్రం బయటే లంగరు వేసుకోవాలి. ఇంట్లో పొయ్యి వెలుగు కనబడుతున్నా సరే. ఒకసారి మేనమామ ఒంటరిగా మిగిలి, నిన్న దారి ఇక్కడే ఉంది కదా అని వచ్చేశాడట. పడవ తిప్ప మీదికెక్కి రెండుగా విరిగింది.

"మరి మావయ్యగారు?" అన్నాను.

"ఈదుకుంటూ వచ్చేడు. పోయేదాకా, తప్పు ఆ తిప్పదే అన్నాడు." తీగ కొస ముడివేసి, మళ్లీ అన్నారు. "దారి తెలీనోడు లంగరేస్తాడు ఫణీ. నిన్నటి దారి తెలిసినోడే మునుగుతాడు."

మా వాళ్లు కొన్ని వేల ఏళ్లనాటి దారిలోనే నడుస్తున్నారండీ, ఇంకా మునగలేదు అన్నాను. జోకు అయిపోయిందా అంటారనుకున్నాను. అనలేదు. "మీవాళ్లు ఒక్కరే కూర్చుని చదవరుగా. పక్కన ఇంకొకళ్లుంటారు, స్వరం తప్పితే పట్టుకోడానికి" అన్నారు. మా పెదనాన్నగారి వేదపారాయణ గురించి నాకు ఎవరైనా చెప్పిన తెలివైన మాట అదొక్కటే. అదీ పడవలవాళ్ల ఇంటి నుంచి వచ్చింది.

తరవాత ఆ తుపాను వచ్చింది. కోనసీమవాళ్లకు తుపాను గురించి చెప్పడం అనవసరం, మిగతావాళ్లకు చెప్పినా అర్థం కాదు. ఉదయం గాలి మొదలవగానే నూకరత్నం గారు స్కూటరు మీద అంబాజీపేట వెళ్లారు. అక్కడ కరెంటు పోతే మిషను బతికేది బ్యాటరీ మీదే, ఆ బ్యాటరీ మీద ఆవిడకు నమ్మకం లేదు. నన్ను అమలాపురం ఆసుపత్రిలో ఉంచారు. ఆవిడ అటు వెళ్లిన కాసేపటికే ఇక్కడ కరెంటు పోవడం, జనరేటరు అందుకోవడం, దాంతోపాటు ఒక్క దెబ్బకు దీపాలన్నీ తెల్లగా వెలిగి మామూలవడం జరిగాయి. మిషన్ల గదిలోకి వెళ్లేసరికి చేపల వాసన. మా మిషను చనిపోయింది.

ఫోను చేశాను. గాలిలో మాట సగమే వినబడుతోంది. మిషను మీద ఏ దీపాలు ఆరాయో ఒక్కొక్కటే చెప్పించుకుని, డిస్కులు బాగానే ఉండి ఉంటాయి, కరెంటు అందించే భాగమే కాలి ఉంటుంది, మన ఆఫీసులో ఇంకొకటి ఉంది తెచ్చి మార్చు అన్నారు. "కంగారేం లేదు. రాజోలుదీ ఇక్కడిదీ మాట్లాడుకుంటున్నాయి" అన్నారు. నిజమే. ఆసుపత్రిలో తెరలన్నీ మామూలుగానే నడుస్తున్నాయి. నర్సులు మందులు రాస్తున్నారు. గుండెకాయ లాంటి డబ్బా ఆగిపోయినట్టు ఆ భవనంలో నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఇంత పెద్ద ప్రమాదాన్ని చూసినవాణ్ణి నేనొక్కణ్ణే, చెబితే భయపడటానికి ఎవరికీ తీరిక లేదు. మా వృత్తిలో కీర్తి ఇలాగే ఉంటుంది.

ఆఫీసుకు వెళ్లి రావడం మామూలు రోజైతే టీ తాగేంత పని. ఆ రోజు గాలి నన్ను రెండడుగులు ముందుకేయనిచ్చి ఒకడుగు వెనక్కి లాక్కుంది. రోడ్డు మీద కొబ్బరి మట్టలు ఎగురుతున్నాయి. ఆ సామానును చొక్కాలో పెట్టుకుని, నిండు చూలాలిలా పొట్ట పట్టుకుని మధ్యాహ్నానికి తిరిగొచ్చేసరికి, ఆసుపత్రి తెరలన్నీ నిలిచిపోయి ఉన్నాయి. రాజోలు తీగ తెగింది. ఎక్కడ ఏ చెట్టు పడిందో తెలియదు. రాజోలులో ఎవరి ఫోనూ మోగడం లేదు. ఇక్కడ చచ్చిపోయినది ఒకటి, రాజోలులో ఒంటరిగా ఒకటి, అంబాజీపేటలో ఒంటరిగా ఒకటి. ముగ్గురిలో ఇద్దరు ఎక్కడా కలిసి లేరు. పద్ధతి ప్రకారం అంతా నోరు మూసుకుంది.

అప్పుడే అంబులెన్సు వచ్చింది. సఖినేటిపల్లి వైపు నుంచి పెద్దిరాజు గారని రొయ్యల చెరువు కాపలా చేసే మనిషి. గుండెపోటు. పొద్దున రాజోలు శాఖలో చూసి ఇక్కడికి పంపారు. తాటిపాక దాటాక చెట్టు పడి దారి మూసుకుపోతే, చెట్టుకు ఇవతలున్న వేరే అంబులెన్సులోకి ఆయన్ని మోసుకొచ్చి ఎక్కించారట. రాజోలు నుంచి వెంట వచ్చిన నర్సు చెట్టుకు అవతలే ఉండిపోయింది. చీటీ ఆయన భార్య వీరమ్మ గారి చేతిలో ఉంది. చీటీ అంటే, నీలం మరకలున్న తడి కాగితం ముద్ద.

డ్యూటీలో ఉన్న డాక్టరు సునీత గారికి ఒక్కటే తెలియాలి. గుండెలో గడ్డ కరిగించే ఇంజెక్షను రాజోలులో ఇచ్చారా, లేదా? ఇవ్వకపోతే ఇప్పుడే ఇవ్వాలి, ప్రతి క్షణం గుండె కొంత పోతూ ఉంటుంది. ఇచ్చి ఉండగా మళ్లీ ఇస్తే మెదడులో రక్తం చిమ్మి మనిషి పోవచ్చు. వీరమ్మ గారిని అడిగారు.

"పొడిచేరండి. రెండు సూదులో మూడో. ఏం సూదులని నేనేం అడుగుతానండి?" అందావిడ. అడిగి ఉండాల్సిందన్న అపరాధం ఆ మొహంలో అప్పుడే మొదలైంది.

సునీత గారు మిగిలిన మందులు మొదలుపెట్టించి, వైద్యం గది గుమ్మంలోంచి నన్ను చూశారు. రామ్మోహనరావు గారు కూడా నన్నే చూశారు. జీవితంలో మొదటిసారి ఒక గదిలో అందరూ నా నోటివంక చూస్తున్నారు, నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. మిషన్ల గదికి పరుగెత్తాను. కాలిన భాగం విప్పి కొత్తది బిగిస్తూ, భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించి ఆవిడకు జరిగింది చెప్పాను.

"బిగించు. లేచేక అదే దీన్ని వెతుక్కుంటుంది. మిమ్మల్నీ దీన్నీ కలిపే డిష్షు మేడమీది కమ్మీకి ఊగుతోంది గాని పడలేదు" అన్నారు. తరవాత గొంతు తగ్గించి, "ఇక్కడ బ్యాటరీ అయిపోవస్తోంది ఫణీ. నేను ఏదో చేస్తాను. నేను ఫోనులో దొరక్కపోయినా, అది ఒక్కటే లేచిందని తెరవకు."

"మేడం, మనిషి పోతాడేమో."

"అందుకే."

లైను తెగిపోయింది. నేను స్విచ్చి వేశాను. దీపాలు వెలిగాయి. డిస్కులు తిరిగాయి. ఆ చప్పుడు విని రామ్మోహనరావు గారు దేవుడికి దండం పెట్టుకున్నారు. ఆ తరవాత తెర మీద కొన్ని మాటలు పడ్డాయి. మిగతా ఇద్దరూ దొరకడం లేదు, ఒంటరిగా నడపమంటారా అని అడుగుతోంది. ఒక్క మీట నొక్కితే చాలు. అంబాజీపేటలో బ్యాటరీ చచ్చిపోయిందని అర్థమైంది.

"అదుగో, అదే అడుగుతోందిగా. నొక్కవయ్యా" అన్నారు రామ్మోహనరావు గారు.

వద్దండీ అన్నాను. ఎందుకన్నారు. డిస్కులు బాగున్నాయని నువ్వే అన్నావన్నారు. బాగున్నాయండీ, కానీ ఇది పొద్దున్నే పోయింది, ఆ తరవాత ఏం జరిగిందో దీనికి తెలియదు అన్నాను. పొద్దున రాజోలులో చూసిన మనిషేగా, ఉంటే ఉంటుంది, లేకపోతే లేదని చెబుతుంది అన్నారు. ఆ 'లేదు' గురించే నా భయం. తెర మీద ఇంజెక్షను లేదని కనబడితే, ఇవ్వలేదని అర్థమా, నేను పోయాక ఇచ్చారని అర్థమా? మిషను ఆ రెండింటినీ ఒకే గొంతుతో చెబుతుంది. ఇదంతా ఆయనకు ఇంత స్పష్టంగా చెప్పలేకపోయాను. ఆయన చెయ్యి మీటల మీదికి వచ్చింది. నేను కీబోర్డు లాక్కుని రెండు చేతులతో గుండెకు హత్తుకున్నాను. అటు మనిషి చావుబతుకుల్లో ఉంటే, ఇటు ఇద్దరు మగవాళ్లు ఒక కీబోర్డు కోసం పెనుగులాడుతున్నారు. నవ్వు రాలేదు. ఎందుకో ఇప్పటికీ రాదు.

సునీత గారు లోపలికి వచ్చారు. మా ఇద్దరినీ చూసి, అది తెరిస్తే కనబడుతుందా అని అడిగారు. ఏదో ఒకటి కనబడుతుందండీ అన్నాను.

"రాజోలులో పొద్దున జరిగింది అందులో ఉంటుందా?"

"తెలీదండీ."

ఆ నిశ్శబ్దంలో ఏదో ఒకటి అని గాలి తేలిక చెయ్యాలని నా నోరు దానంతటదే తెరుచుకుంది. మూసుకున్నాను. ఆవిడ తల ఊపి, "తెలిసిన తరవాతే చెప్పండి. అందాకా నేను తెలీదనుకునే చూస్తాను" అని వెళ్లిపోయారు. వెళ్తూ తలుపు దగ్గర ఉన్న నర్సుతో, ఇంజెక్షను సిద్ధం చేసి పక్కన పెట్టుకో, నేను చెప్పేదాకా ఇవ్వకు అన్నారు. రామ్మోహనరావు గారు కుర్చీలో కూలబడి, ఏదైనా అయితే దీనికి బాధ్యులెవరో రాసి పెట్టమన్నారు. నా పేరు రాసుకోండి అన్నాను. స్పెల్లింగు కూడా చెప్పాను.

అంబాజీపేటలో ఆ సమయంలో ఏం జరిగిందో తరవాత సుబ్బారాయుడు గారి నోట విన్నాను, కాబట్టి కొంత తగ్గించి చెబుతాను. గోదాం ముందు కాయలు ఎక్కించుకుంటూ గాలికి చిక్కుకుపోయిన మహారాష్ట్ర లారీ ఒకటుంది. నూకరత్నం గారు మేడ దిగి, మోకాలి లోతు నీళ్లలో దాని దగ్గరకు వెళ్లి, బ్యాటరీ కావాలన్నారు. డ్రైవరు ఇవ్వనన్నాడు. బండి మళ్లీ స్టార్టు కాకపోతే తన గతేమిటన్నాడు. సుబ్బారాయుడు గారు అడ్డం వచ్చి, "బాబూ, మా మేడమీద వోటుందయ్యా, ఇది పడకపోతే ఆసుపత్రిలో మనిషి పోతాడు" అన్నారట. ఆ తెలుగు ఆ డ్రైవరుకు అర్థమయ్యే అవకాశం లేదు. కానీ పంచె ఎగ్గట్టి వానలో నిలబడి చేతులు జోడించిన ఆ పెద్దాయన మొహం అర్థమైనట్టుంది. బ్యాటరీ ఇచ్చాడు. దాన్ని కాయలు మోసే ఇద్దరు మేడెక్కించారు. ముడిలోని టెస్టరు తీసి ఆవిడ తీగలు కలిపారు.

నాకు ఇటు తెలిసిందల్లా, తెర మీద ప్రశ్న దానంతటదే చెరిగిపోవడం. దాని చోట అంబాజీపేట దొరికింది అని పడింది. తరవాత, పొద్దునుంచీ నాకు తెలియనివి ఉన్నాయి, రాసుకుంటున్నాను అన్న అర్థం వచ్చే వరసలు కిందికి పారాయి. పారడం ఆగింది. బయట నర్సుల గదిలో తెరలు మళ్లీ కదిలాయన్న కేక వినబడింది. వెంటనే సునీత గారి గొంతు, పెద్దగా కాదు, మామూలుగా, "ఇచ్చేరు. రాజోలులో ఇచ్చేరు. అది తీసెయ్యండి" అంది.

రామ్మోహనరావు గారు లేచి వెళ్లి ఆ తెర ముందు నిలబడ్డారు. ఇంజెక్షను ఇచ్చినట్టు రాసిన సమయం చూశారు. మా మిషను కాలిపోయిన సమయం నేను ఆయనకు ముందే చెప్పాను. రెండూ మనసులో పక్కపక్కన పెట్టుకోవడం ఆయన మొహంలో కనబడింది. ఆ మీట నొక్కి ఉంటే తెర ఏం చెప్పేదో, దాన్నిబట్టి పక్కనున్న సిరంజి ఏమయ్యేదో ఆయన నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. నేనూ ఎత్తలేదు. ఎత్తితే ఒక జోకు తప్పకుండా వేసేవాణ్ణి. అది ఆయన తట్టుకోలేరనిపించింది.

సాయంత్రం గాలి తగ్గాక నూకరత్నం గారు వచ్చారు, కాయలు మోసేవాళ్లచేత నెట్టించి స్టార్టు చేయించిన ఆ లారీలోనే. తల నుంచి నీళ్లు కారుతున్నాయి. ముందు మిషను దగ్గరికి వెళ్లి నేను బిగించిన మరలు నాలుగూ పట్టి చూసి, ఒకదాన్ని ఇంకాస్త బిగించారు. నాకు దక్కిన మెప్పు అదే. సునీత గారు టీ తెప్పించి ఇచ్చి, తన మనసులో ఉన్నది అడిగారు. అంబాజీపేటది లేవకపోయి ఉంటే, ఎంతసేపటికీ లేవకపోయి ఉంటే, అప్పుడు కూడా ఇక్కడిదాన్ని ఒంటరిగా తెరవనిచ్చేవారు కాదా అని.

"కాదండి."

"నేనేం చెయ్యాలి మరి?"

"మీరు డాక్టరుగారు. తెలీదని తెలిసి ఏం చెయ్యాలో మీకు తెలుసండి. మీకు తెలుసని నమ్మించి తప్పు చేయించే హక్కు నాకు లేదు."

బయట బల్లమీద వీరమ్మ గారు ఇంకా కూర్చునే ఉంది. నూకరత్నం గారు వెళ్లి పక్కన కూర్చున్నారు. ఏ ఊరు, ఎవరి తాలూకు అని ఇద్దరూ మాట్లాడుకుని, ఎక్కడో ఒక పిన్నిగారి దగ్గర చుట్టరికం పట్టుకున్నారు. పొద్దున ఏం సూదులో అడగలేకపోయానని ఆవిడ ఏడిస్తే, ఆ ఇంజెక్షను పేరు డాక్టర్లకే నోరు తిరగదని ఓదార్చారు. ఆవిడ నోట నేను విన్న ఒకే ఒక్క జోకు అదే. నాకోసం కాదు.

పెద్దిరాజు గారు బతికారు. కొన్నాళ్లకు తన కాళ్ల మీద తాను నడిచి ఇంటికి వెళ్తూ, ఆసుపత్రి సాంబారులో ఉప్పు లేదని రామ్మోహనరావు గారికి ఫిర్యాదు చేశారు. ఆ ఫిర్యాదును ఆయన అందుకున్నంత ఆప్యాయంగా సన్మానపత్రాన్ని కూడా ఎవరూ అందుకోరు.

నూకరత్నం గారు కాకినాడ వెళ్లాక ఆఫీసు నేనే చూస్తున్నాను. మొన్న ఒక కాలేజీవాళ్లు ఫోను చేశారు. పరీక్షల వివరాలున్న మిషన్లలో ఒకటి ఆగిపోయింది. సోమవారం పిల్లలకు ఫలితాలు చెప్పాలి, అంతా భద్రంగానే ఉందా అని ప్రిన్సిపాలుగారు అడిగారు. ఉందని చెబితే సంతోషిస్తారు. లేదంటే భయపడతారు. రెండింటికీ నా దగ్గర మాటలున్నాయి. నవ్వించే మాటలు కూడా ఉన్నాయి, అవి ఎప్పుడూ ఉంటాయి. కానీ రెండో మిషనును ఇంకా అడగలేదు.

"తెలీదండీ. కనుక్కుని చెబుతాను" అన్నాను.

అవతల మాట ఆగిపోయింది. అలాంటప్పుడు వచ్చే నిశ్శబ్దం ఎంత పొడుగ్గా ఉంటుందో, దాన్ని నింపాలని నాలుక ఎంత కొట్టుకుంటుందో నాలాంటివాడికే తెలుస్తుంది. ఫోను చెవికి ఆనించుకుని, నోరు మూసుకుని, ఆ పెద్దమనిషి ఊపిరి వింటూ అలాగే నిలబడ్డాను.